ముందు అవసరం, ఆ తర్వాతే రుసుము: పాస్‌పోర్టు దరఖాస్తుదారుల ఉద్యమ ప్రణాళిక

పాస్‌పోర్టుకు గిరాకీ పెరగడంలో తప్పేమీ లేదు. పెరిగినప్పుడు ఉన్న అపాయింట్‌మెంటు స్లాట్లలో ఎవరిది ముందు, ఎవరిది వెనక అన్నది నలుగురికీ తెలిసిన నియమంతో తేల్చకపోవడమే తప్పు. మన దగ్గర ఆ నియమం లేదు. స్లాట్లు వదిలిన నిమిషంలో కంప్యూటరు ముందు కూర్చున్నవాళ్లకు కొన్ని దొరుకుతాయి. అదనంగా రెండు వేలు పెట్టగలిగినవాళ్లకు కొన్ని, ఏజెంటును పట్టుకున్నవాళ్లకు కొన్ని. మిగిలినవాళ్లు రేపు చూద్దామనుకుని ఇంటికి పోతారు. ఆ మిగిలినవాళ్లలో దుబాయి కంపెనీ ఇంటర్వ్యూకు పిలిచిన మేస్త్రీ ఉంటాడు, కువైట్‌లో ఇంటిపనికి ఒప్పుకున్న ఆడమనిషి ఉంటుంది, కూతురి పురుడుకు అమెరికా వెళ్లాల్సిన తల్లి ఉంటుంది. ఈ ఉద్యమం వాళ్ల కోసం.

మేమెవరమంటే, జగిత్యాల, కామారెడ్డి, సిరిసిల్ల వైపు నుంచి, కోనసీమ నుంచి, కడప, రాయచోటి ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు వెళ్లి వచ్చినవాళ్లం, వెళ్లబోతున్నవాళ్లం, వాళ్ల ఇంట్లోవాళ్లం. పిల్లల్ని పై చదువులకు పంపిన తల్లిదండ్రులున్నారు. దరఖాస్తులు నింపి పెట్టే నెట్ సెంటరు కుర్రాళ్లున్నారు. రిటైరైన ఒక పోస్టుమాస్టరు గారున్నారు, ఈ రాతలో సగం కోపం ఆయనదే. పేరేం పెట్టాలని ఒక సాయంత్రమంతా వాదించుకున్నాం, తేలలేదు. పేరు తర్వాత పెట్టుకోవచ్చు, పనేమిటో ముందు రాసుకుందాం అనుకున్నాం.

దయ కాదు

స్వాతంత్ర్యం వచ్చాక ఇరవయ్యేళ్ల పాటు మన దేశంలో పాస్‌పోర్టు ఎలా ఇవ్వాలో, ఎందుకు నిరాకరించవచ్చో చెప్పే చట్టమే లేదు. ఇవ్వాలనిపిస్తే ఇచ్చారు, వెనక్కి తీసుకోవాలనిపిస్తే తీసుకున్నారు. సత్వంత్ సింగ్ సాహ్నీ అనే వ్యాపారి తన పాస్‌పోర్టులు వాపసు ఇచ్చేయమన్నందుకు సుప్రీంకోర్టు మెట్లెక్కాడు. 1967 ఏప్రిల్ 10న తీర్పు వచ్చింది. ముగ్గురు న్యాయమూర్తులు అటు, ఇద్దరు ఇటు. మెజారిటీ తీర్పు చెప్పింది ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు, మన రాజమండ్రి మనిషి. విదేశానికి వెళ్లడం 21వ అధికరణం కాపాడే వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమనీ, ఆ స్వేచ్ఛను చట్టమేదీ లేకుండా అధికారి ఇష్టాయిష్టాలకు వదిలేస్తే అందరినీ సమానంగా చూడాలన్న 14వ అధికరణం కూడా దెబ్బతింటుందనీ ఆ తీర్పు సారం. మర్నాడే ఆయన రాజీనామా చేసి రాష్ట్రపతి ఎన్నికల్లో నిలబడ్డారు. ఆ తీర్పు పుణ్యాన అదే ఏడాది జూన్ 24న పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. విదేశాంగ శాఖ ఏటా పాస్‌పోర్టు సేవా దినం జరుపుకొనేది ఆ తేదీనే. తర్వాత 1978లో మేనకా గాంధీ కేసులో సుప్రీంకోర్టు ఇంకో మెట్టు పైకి వెళ్లింది. చట్టమంటూ ఒకటి ఉంటే సరిపోదు, అది పెట్టే పద్ధతి న్యాయంగా, సబబుగా ఉండాలంది.

మా వాదన ఇక్కడే మొదలవుతుంది. వరుస కూడా పద్ధతే. పాస్‌పోర్టు ఇవ్వబోమని ఎవరూ అనడం లేదు, నిజమే. కానీ ఇంటర్వ్యూ అయిపోయాక, కళాశాలలో చేరే గడువు దాటాక చేతికొచ్చిన పుస్తకం, ఆ మనిషికి సంబంధించినంతవరకు నిరాకరించినట్టే. హక్కును నిరాకరించే పద్ధతికి కోర్టు పెట్టిన కొలత ఆలస్యం చేసే పద్ధతికి కూడా వర్తించాలి. ఈ మాట ఏదో ఒకరోజు కోర్టులో కూడా అంటాం, అందాకా బయట అంటూ ఉంటాం.

చేసింది చేశారు

ప్రభుత్వం ఏమీ చేయలేదని మేం అనం, అంటే అబద్ధమవుతుంది. చేత్తో రాసిన పాస్‌పోర్టులు, ఆఫీసు గోడ పక్కన తెల్లవారకముందే మొదలయ్యే బారులు, గేటు బయట ఫారాలు అమ్మేవాళ్లు, అదంతా చూసిన తరం మాలో ఉంది. 2008లో టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్‌తో ఒప్పందం కుదిరాక పాస్‌పోర్టు సేవా కేంద్రాలు వచ్చాయి. 2012 నడిమికి దేశమంతా 77 కేంద్రాలు, ఆ తర్వాత 93. 2017 జనవరి 25న మైసూరులోనూ గుజరాత్‌లోని దాహోద్‌లోనూ తపాలా కార్యాలయాల్లో కేంద్రాలు తెరిచారు. ఆ నమూనా పాకి ఇవాళ నాలుగు వందలు దాటాయి. వరంగల్, మహబూబ్‌నగర్, ఖమ్మం, కడప, కర్నూలు వాళ్లకు దూరప్రయాణం తప్పింది అలాగే. 2016 చివర్లో నిబంధనలు సడలించి తల్లిదండ్రుల్లో ఒకరి పేరు చాలన్నారు. ఒంటరి తల్లులకు అది పెద్ద ఊరట. ఇప్పుడు చిప్‌తో ఈ-పాస్‌పోర్టులు కూడా ఇస్తున్నారు. చిప్ మంచిదే, దొంగ పాస్‌పోర్టులు తగ్గుతాయి. స్లాటు మాత్రం దానివల్ల ఒక్కరోజు కూడా ముందుకు రాదు.

ముందే తెలిసిన రద్దీ

2014లో దేశం మొత్తం మీద 91 లక్షల పాస్‌పోర్టులు ఇచ్చారు. 2024లో కోటీ 46 లక్షలు. ఇవి విదేశాంగ మంత్రి స్వయంగా చెప్పిన అంకెలు. మధ్యలో కరోనా వచ్చి రెండేళ్లు ఎవరూ కదల్లేదు, తలుపులు తెరవగానే 2022లో పాస్‌పోర్టు సేవలు కోటీ 33 లక్షలకు చేరాయి. ముందటి ఏడాది కంటే 63 శాతం ఎక్కువ. అప్పుడు హైదరాబాద్‌లో శనివారాలు కూడా కేంద్రాలు తెరిచి ప్రత్యేక డ్రైవులు పెట్టారు. ఆ సిబ్బందికి దండం పెట్టాల్సిందే, సెలవు వదులుకుని కూర్చున్నారు. కానీ శనివారం డ్రైవు అంటేనే రద్దీని ముందుగా చూడలేదని ఒప్పుకోవడం.

చూడడం కష్టమా? పెద్దవాళ్ల పాస్‌పోర్టుకు పదేళ్లే ఆయుష్షు. పిల్లలవి అయిదేళ్లకే పోతాయి, లేదా పద్దెనిమిది నిండగానే. 2015లో ఎవరికి ఏ తేదీన ఏ చిరునామాకు పుస్తకం పంపారో ప్రభుత్వ కంప్యూటర్లలో ఉంది. అంటే 2025లో జగిత్యాల జిల్లాలో ఏ నెలలో ఎందరి గడువు ముగుస్తుందో పదేళ్ల ముందే తెలుసు. చాలా దేశాలు ప్రయాణానికి ఆరు నెలల గడువు మిగిలి ఉండాలంటాయి కాబట్టి జనం ఇంకాస్త ముందే వస్తారని కూడా తెలుసు. ఇంటర్, డిగ్రీ ఫలితాల తర్వాత, అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఆగస్టు ప్రవేశాలకు ముందు, హజ్ దరఖాస్తుల కాలంలో ఎంత ఒత్తిడి ఉంటుందో ఏటా కనిపిస్తూనే ఉంది. పన్నెండేళ్లకోసారి పుష్కరాలు వస్తాయని లెక్క కట్టి ఘాట్లు కట్టుకునే జనం మనం. పదేళ్లకోసారి వచ్చే రెన్యువల్‌కు ఏడాది ముందు ఒక కౌంటరు పెంచుకోలేమా?

కొత్తగా తీసుకునేవాళ్ల లెక్క ఇంత కచ్చితంగా తేలదు, ఒప్పుకుంటాం. ఒక ఊళ్లో ఒక ఏజెంటు వచ్చి ఇరవై మందిని కూడగడితే ఆ వారం ఆ మండలం నుంచి ఇరవై దరఖాస్తులు పడతాయి. దాన్ని ఏ కంప్యూటరూ ముందు చెప్పదు. కానీ తెలిసిన సగానికి సిద్ధపడి ఉంటే తెలియని సగం తట్టుకోవడం తేలిక.

దారం ఎక్కడ చిక్కుపడింది

పాస్‌పోర్టు ఆలస్యమైందంటే చాలామంది వేలు పోలీసుల వైపు చూపిస్తారు. ఒకప్పుడు అది నిజం. స్టేషను నుంచి కానిస్టేబులు వచ్చేదాకా, వచ్చాక చేతిలో ఏదో ఒకటి పడేదాకా కాగితం కదిలేది కాదు. ఇవాళ మన దగ్గర పరిస్థితి మారింది. వేగంగా విచారణ ముగిస్తున్నందుకు తెలంగాణ పోలీసులకు విదేశాంగ శాఖే పురస్కారాలిచ్చింది. ట్యాబ్‌లో ఫొటోలు తీసుకుని అక్కడికక్కడే నివేదిక పంపేస్తున్నారు. ఇంటికొచ్చి టీ ఖర్చులడిగే అలవాటు అన్నిచోట్లా పోయిందని మాత్రం రాయలేం.

ముద్రణ కూడా చిక్కు కాదు. ఖాళీ పుస్తకాలు నాసిక్‌లోని ప్రభుత్వ ముద్రణాలయం నుంచి వస్తాయి, వివరాలు అచ్చువేసి స్పీడ్ పోస్టులో పంపడానికి పట్టేది కొద్ది రోజులే.

చిక్కంతా కేంద్రం లోపలికి అడుగుపెట్టే ముందు ఉంది, లోపల మూడు కౌంటర్లలో రెంటి దగ్గర ఉంది. కేంద్రానికి వెళ్లినవాళ్లకు తెలుసు. ‘ఏ’ కౌంటరులో ఫొటో, వేలిముద్రలు, కాగితాల స్కానింగు. అక్కడ కూర్చునేది టాటా కన్సల్టెన్సీ కంపెనీ సిబ్బంది. బీ కౌంటరులో కాగితాలు సరిచూసేదీ, సీ కౌంటరులో మంజూరు చేసేదీ ప్రభుత్వోద్యోగులు. పౌరసత్వాన్ని నిర్ధారించే పని ప్రైవేటు చేతికి ఇవ్వకూడదన్నది సరైన ఏర్పాటే, మేం దాన్ని మార్చమనం. కానీ దాని పర్యవసానం ఒకటుంది. ‘ఏ’ కౌంటర్లు కంపెనీ ఎన్నయినా పెంచగలదు. బీ, సీ కౌంటర్లు పెరగాలంటే ప్రభుత్వం పోస్టులు మంజూరు చేసి మనుషుల్ని తీసుకోవాలి. రోజుకు ఎన్ని స్లాట్లు అన్నది చివరికి ఆ కుర్చీల్లో ఎంతమంది కూర్చున్నారన్న దాన్నిబట్టే తేలుతుంది. తపాలా కార్యాలయంలోని కేంద్రమంటే చాలాచోట్ల ఒకటి రెండు గదులు, ఇద్దరు ముగ్గురు మనుషులు. ఒకరు సెలవు పెడితే ఆ పూట జిల్లా అంతా వెనకబడుతుంది. కొత్త కేంద్రానికి రిబ్బను కత్తిరించేటప్పుడు దాని వెనక ఎన్ని పోస్టులు వచ్చాయని ఏ పార్లమెంటు సభ్యుడైనా అడిగాడా? రిబ్బన్ల ఫొటోలు మా దగ్గర చాలా ఉన్నాయి.

ఇక లోపలికి అడుగుపెట్టే ముందు సంగతి. పోర్టల్‌లో ముందు రుసుము కట్టాలి, ఆ తర్వాతే స్లాటు. కట్టిన రుసుము ఏడాది పాటు చెల్లుతుంది. అంటే రుసుము కట్టి స్లాటు దొరక్క ఎదురుచూస్తున్నవాళ్లు ఏ కేంద్రం కింద ఎందరున్నారో ప్రభుత్వానికి నిమిషం నిమిషం తెలుసు. ఏ తేదీన కట్టారో కూడా తెలుసు. మరి కట్టిన తేదీ ప్రకారం వరుస నంబరు ఇచ్చి, వంతు వచ్చినప్పుడు ఫోనుకు సందేశం పంపకుండా, అందరినీ మళ్లీ పరుగు పందెంలోకి ఎందుకు తోస్తున్నారు? గ్యాసు సిలిండరుకు వరుస నంబరు ఉంది. తిరుమల దర్శనానికి టోకెన్ ఉంది. డబ్బు ముందే కట్టించుకున్న సర్కారు సేవలో మాత్రం వేలి వేగమే అర్హత. ఈ పందెంలో సామాన్యుడి తరఫున పరుగెత్తేవాడే ఏజెంటు. ఏజెంటుపై దాడులు చేస్తే ఇంకో ఏజెంటు పుడతాడు. పందెం ఎత్తేస్తే ఏజెంటుకు పనే ఉండదు.

తత్కాల్ అనే ద్వారం

36 పేజీల మామూలు పాస్‌పోర్టు రుసుము 1,500 రూపాయలు. తత్కాల్‌కు మరో 2,000. మొత్తం 3,500. రెట్టింపు కంటే ఎక్కువ పెట్టినవాడికి వేరే స్లాట్లు, వేరే వేగం. తత్కాల్‌లో సాధారణంగా పోలీసు నివేదిక కోసం ఆగరు. పుస్తకం ముందు, విచారణ తర్వాత. బదులుగా మూడు గుర్తింపు పత్రాలు, ఒక ప్రకటన అడుగుతారు.

తొందర ఉన్నవాడి దగ్గర ఎక్కువ తీసుకోవడం తప్పా అని మాలోనే కొందరన్నారు. రైలుకు తత్కాల్ లేదా అన్నారు. రైలు టికెట్టు ఒకచోట దొరక్కపోతే బస్సుంది. పాస్‌పోర్టు ఇచ్చేది ఈ దేశంలో ఒకే ఒక్క అంగడి. మామూలు వరుస సాఫీగా నడుస్తున్న రోజుల్లో తత్కాల్ ఒక సౌకర్యం. మామూలు స్లాటు నెలరోజుల అవతలికి జరిగిన రోజున అదే తత్కాల్ జరిమానా అవుతుంది, అది కూడా ఆలస్యం చేసినవాడు కాకుండా ఆలస్యానికి గురైనవాడు కట్టే జరిమానా. వరుస ఎంత పొడుగైతే తత్కాల్‌కు అంత గిరాకీ. తన ఆలస్యం వల్ల తనకే రాబడి పెరిగే ఏర్పాటును ఏ శాఖ చేతికీ ఇవ్వకూడదు. అధికారులు కావాలనే ఆలస్యం చేస్తున్నారని మేం అనడం లేదు. తొందరపడి బాగుచేయాల్సిన అవసరం వాళ్లకు లేకుండా పోయిందని అంటున్నాం.

ఇంకో సంగతుంది, హైదరాబాద్‌లో కూర్చుని ఆలోచించేవాళ్లకు తట్టనిది. పదో తరగతి పాసు కానివాళ్ల పాస్‌పోర్టు మీద సాధారణంగా ఈసీఆర్ (వలస తనిఖీ అవసరం) ముద్ర పడుతుంది. సౌదీ, యూఏఈ, కువైట్, ఖతార్, ఒమన్, బహ్రెయిన్, మలేషియా సహా 18 దేశాలకు పనికి వెళ్లేటప్పుడు వాళ్లకు వలస అధికారి అనుమతి కావాలి. 1983 నాటి వలస చట్టం కింద వాళ్ల రక్షణకే పెట్టిన నియమం అది, ఉండాల్సిందే. కానీ దాని వల్ల ఎవరి ప్రయాణానికి మెట్లు ఎక్కువో వాళ్లకే మొదటి మెట్టు దగ్గర ఆలస్యం ఎక్కువ బాధిస్తుంది. చేతిలో పాస్‌పోర్టు ఉంటేనే ఇంటర్వ్యూ, ఆ తర్వాత మెడికల్, వీసా, అనుమతి, టికెట్టు. ఇదంతా వడ్డీకి తెచ్చిన డబ్బు మీద నడుస్తుంది. సెలవు మీద వచ్చినవాడి సంగతి మరోరకం. యూఏఈలో నివాస వీసా ఉన్న కార్మికుడు ఆరు నెలలకు మించి బయట ఉంటే మామూలుగా ఆ వీసా పోతుంది. అక్కడే రాయబార కార్యాలయంలో రెన్యువల్ చేయించుకోవచ్చు కదా అంటారు. సెలవు దొరకని సైటులో, నగరానికి గంటల దూరంలోని క్యాంపులో ఉండేవాడికి ఊరికొచ్చాకే తీరిక.

పేర్ల గొడవ

దరఖాస్తు పోర్టల్ ఇంగ్లీషులో ఉంది, హిందీలో ఉంది. కాల్ సెంటరు తెలుగులో మాట్లాడుతుంది, ఫారం మాట్లాడదు. ఆ ఫారంలో ఇంటిపేరు ఒక గడి, సొంత పేరు ఒక గడి. మన పేర్లు ఆ గడుల కోసం పుట్టలేదు. ఎస్సెస్సీ మెమోలో ఇంటిపేరు ఒకే అక్షరంగా ముందుంటుంది. ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, ఒక్కోసారి వెనక ఉంటుంది. పాన్‌కార్డులో తండ్రి పేరు మధ్యలో దూరుతుంది. లక్ష్మి అన్న ఒక్క పేరుకు ఇంగ్లీషులో ఎన్ని రకాల అక్షరక్రమాలో మన మెమోలు, రేషను కార్డులు పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. పెళ్లయిన ఆడవాళ్లకు పుట్టింటి ఇంటిపేరు ఒక కార్డులో, అత్తింటిది ఇంకో కార్డులో.

ఇది చాదస్తం కాదు, వరుసకు నేరుగా సంబంధించిన సంగతి. ఇంటి నుంచి అన్ని కాగితాలూ పట్టుకుని వెళ్లిన మనిషిని బీ కౌంటరులో పేరు కలవలేదని ఆపితే, ఆ మనిషి మళ్లీ ఒక స్లాటు వాడుకోవాలి. ఒకరికి రెండు స్లాట్లు. అపాయింట్‌మెంటు మార్చుకోవడానికి ఏడాదిలో మూడు అవకాశాలకు మించి ఇవ్వరు కాబట్టి, కాగితం దిద్దించుకునేలోపు అవీ అయిపోతాయి. తత్కాల్ అడిగే మూడు పత్రాలూ పల్లెలో దాదాపు అందరికీ ఉంటాయి. మూడింటిలో పేరు ఒకేలా ఉన్నవాళ్లెందరు? డబ్బు అప్పు తెచ్చుకున్నా ఆ ద్వారం తెరుచుకోదు. పోర్టల్‌లో దరఖాస్తు పంపగానే పేరు ఎక్కడ తేడా వచ్చిందో చెప్పి, స్లాటు తీసుకోకముందే దిద్దుకోమంటే ఎన్ని స్లాట్లు మిగులుతాయి! ఆధార్‌తో సరిచూసే సాంకేతికత బ్యాంకుల దగ్గర ఉంది, సిమ్ కార్డు అమ్మే కొట్టు దగ్గర ఉంది.

బయటి దేశాల సంగతి

రద్దీ మన ఒక్కరి కష్టం కాదు. 2014 వేసవిలో బ్రిటన్‌లో దరఖాస్తులు గుట్టలు పడ్డాయి. విదేశాల్లోని బ్రిటన్ పౌరుల పాస్‌పోర్టు పనిని అప్పుడే స్వదేశానికి మార్చిన ఫలితం కొంత. పార్లమెంటులో గొడవయ్యాక హోం మంత్రి థెరీసా మే ఒక పని చేశారు. దరఖాస్తు చేసి మూడు వారాలు దాటి, ప్రయాణం దగ్గరపడినవాళ్లకు త్వరిత సేవ ఉచితంగా ఇచ్చారు. విదేశాల్లో ఉన్నవాళ్ల పాత పాస్‌పోర్టులను ఏడాది పొడిగించారు. ఆలస్యం నాదైతే తొందర ఖర్చూ నాదే అని ప్రభుత్వం ఒప్పుకోవడం అది. 2007లో అమెరికా కెనడా, మెక్సికో, కరీబియన్ విమాన ప్రయాణాలకు పాస్‌పోర్టు తప్పనిసరి చేసి, వెల్లువను తట్టుకోలేక, దరఖాస్తు చేసినట్టు రసీదు చూపిస్తే చాలని కొన్ని నెలలు సడలించింది. కెనడా 2022లో నానా తిట్లూ తిన్నాక, 2025లో 30 పనిదినాల్లో ఇవ్వకపోతే రుసుము వాపసు అని ప్రకటించింది. అమెరికాలో 2024 సెప్టెంబరు నుంచి అర్హులైన పెద్దవాళ్లు ఎక్కడికీ వెళ్లకుండా ఆన్‌లైన్లోనే రెన్యువల్ చేసుకుంటున్నారు.

ఈ దేశాలేవీ రద్దీని ముందుగా చూడలేదు, అందులో మనకంటే గొప్పేమీ లేదు. తేడా అంతా తప్పు ఖరీదు ఎవరి మీద వేశారన్న దాంట్లో ఉంది. నిజానికి మన ప్రభుత్వానికీ ఈ సూత్రం తెలుసు. పోలీసు విచారణకు విదేశాంగ శాఖ రాష్ట్రాలకు డబ్బు చెల్లిస్తుంది. నివేదిక 21 రోజుల్లోపు వస్తే ఒక్కోదానికి 150 రూపాయలు, దాటితే 50. రాష్ట్రం ఆలస్యం చేస్తే కేంద్రం కోత పెడుతుంది. కేంద్రం ఆలస్యం చేస్తే పౌరుడికి ఏం వస్తుంది? గడువులోగా సేవ అందించకపోతే జరిమానా పడాలన్న బిల్లు 2011లో లోక్‌సభ ముందుకు వచ్చింది, 2014లో సభతో పాటే మురిగిపోయింది. పౌర సేవా పత్రంలో రాసుకున్న గడువులకు అప్పటి నుంచి ఇప్పటిదాకా గోడకు తగిలించిన బోర్డుకున్న విలువే ఉంది.

మేం అడుగుతున్నది

మొట్టమొదటిది, మిగిలినవన్నీ దీని మీదే నిలుస్తాయి: స్లాట్ల పందెం ఎత్తేయాలి. రుసుము కట్టిన తేదీ ప్రకారం ప్రతి దరఖాస్తుకూ వరుస నంబరు ఇవ్వాలి. ముందు ఎందరున్నారో, వంతు సుమారుగా ఎప్పుడొస్తుందో దరఖాస్తుదారుడికి కనిపించాలి. వంతు వచ్చినప్పుడు రెండు మూడు తేదీలిచ్చి ఎంచుకోమనాలి. రానివాళ్ల స్లాటు వెనకున్నవాళ్లకు దానంతటదే పోవాలి. దీనికి కొత్త భవనం అక్కర్లేదు, చట్ట సవరణ అక్కర్లేదు.

ఆ వరుసలోనే అవసరానికి కొంత భాగం ప్రతిరోజూ పక్కన పెట్టాలి, అదనపు రుసుము లేకుండా. ఏది అవసరం అన్నది అధికారి దయకు వదలకూడదు, రాసి పెట్టాలి. వైద్యం, విదేశంలో దగ్గరివాళ్ల మరణం లేదా తీవ్ర అనారోగ్యం, ఉద్యోగ వీసా లేదా ఇంటర్వ్యూ పత్రం, గడువు దగ్గరపడిన ప్రవేశ పత్రం, ఆరు నెలల్లోపు తిరిగి వెళ్లాల్సిన కార్మికుడు. పత్రం జతచేస్తే చాలు, సిఫార్సు ఉత్తరం కోసం ఎమ్మెల్యే ఇంటికి వెళ్లే అవసరం ఉండకూడదు. దొంగ పత్రాలు పెడతారంటారా, పెడతారు. తత్కాల్‌లోనూ పెడతారు. దానికి శిక్ష చట్టంలో ఉంది.

తత్కాల్‌ను రద్దు చేయమని మాలో కొందరు పట్టుబట్టారు. చివరికి ఒప్పందానికి వచ్చింది ఇంతవరకు: ఒక కేంద్రంలో మామూలు వంతు పదిహేను రోజులు దాటిన నాటి నుంచి అక్కడ తత్కాల్ అదనపు రుసుము వసూలు ఆపేయాలి, మామూలు స్లాట్లు తగ్గించి తత్కాల్ స్లాట్లు పెంచడం నిషేధించాలి. గడువు దాటిన ప్రతి దరఖాస్తుకూ రుసుములో కొంత అడక్కుండానే ఖాతాలో పడాలి. ఎంత అన్నది చర్చించుకోవచ్చు. అడక్కుండా అన్న మాట దగ్గర మాత్రం తగ్గేది లేదు.

పేరు, పుట్టిన తేదీ, చిరునామా ఏదీ మారని పెద్దవాళ్ల రెన్యువల్‌కు కేంద్రానికి రప్పించడం ఆపేయాలి. వేలిముద్రలు, ఫొటో ఇంతకుముందే ఇచ్చారు. కొత్త ఫొటో కావాలంటే ఊరి తపాలా కార్యాలయంలో తీసుకోవచ్చు. ఇలా తగ్గే రద్దీతో కొత్త దరఖాస్తుదారులకు, పిల్లలకు, పేర్లు దిద్దించుకోవాల్సినవాళ్లకు అధికారి సావకాశంగా సమయమివ్వగలడు.

మిగతావి క్లుప్తంగా. దరఖాస్తు తెలుగులో కావాలి. ఏ జిల్లాలో రాబోయే పన్నెండు నెలల్లో ఎన్ని పాస్‌పోర్టుల గడువు ముగుస్తుందో, అక్కడ ఎన్ని స్లాట్లున్నాయో, బీ, సీ కౌంటర్లలో మంజూరైన పోస్టులెన్ని, భర్తీ అయినవెన్ని, ఇవన్నీ ప్రతి మూడు నెలలకూ ప్రజల ముందు పెట్టాలి. గడువు ముగియబోయే ఏడాది ముందు ఫోనుకు సందేశం పంపాలి, ఖాళీగా ఉండే నెలల్లో వస్తే రుసుము కొంత తగ్గించాలి. గల్ఫ్ వలసలు ఎక్కువున్న మండలాలకు నెలకోసారైనా సంచార వాహనం వెళ్లాలి, అందులో వచ్చేది మంజూరు అధికారం ఉన్న ఉద్యోగి అయి ఉండాలి.

ఇదంతా దేశ భద్రతకు ముప్పు కాదా అని తప్పకుండా అడుగుతారు. మేం ఒక్క తనిఖీ కూడా తగ్గించమనలేదు. ఎవరిని ముందు తనిఖీ చేయాలన్న క్రమం గురించే మాట్లాడుతున్నాం. రెండు వేలు కడితే విచారణ తర్వాత చేసినా పరవాలేదన్న ప్రభుత్వం, అవసరం ఉన్నవాడి దగ్గరకొచ్చేసరికి భద్రత గురించి మాట్లాడితే వినడానికి మేం సిద్ధంగా లేం.

మేం చేయబోయేది, చేయనిది

పాస్‌పోర్టు కేంద్రాల ముందు ధర్నాలు చేయం. లోపల కూర్చున్న ఉద్యోగి మాకు శత్రువు కాదు, అతని పక్క కుర్చీ ఖాళీగా ఉండడం మా ఫిర్యాదు. ధర్నా చేస్తే ఆ రోజు స్లాటున్నవాళ్లు నష్టపోతారు.

ప్రతి మూడు నెలలకూ సమాచార హక్కు చట్టం కింద హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం ప్రాంతీయ కార్యాలయాలకు ఒకే ప్రశ్నావళి పంపుతాం. వచ్చిన జవాబులు, రాని జవాబులు రెండూ తెలుగులో అచ్చువేసి పంచుతాం. రెండు రాష్ట్రాల్లోని ప్రతి పార్లమెంటు సభ్యుడికీ తన నియోజకవర్గం లెక్క పంపి, సభలో ప్రశ్న వేయమంటాం. వేశారా లేదా అన్నదీ రాస్తాం. పల్లెల్లో నెట్ సెంటర్ల దగ్గర, గ్రామ పంచాయతీల దగ్గర వారానికో పూట కూర్చుని, స్లాటు తీసుకునే ముందే పేర్లు, తేదీలు సరిచూసి పెడతాం. దీనికి ఎవరి దగ్గరా పైసా తీసుకోం. సర్కారు పోర్టల్‌లా కనిపించే దొంగ వెబ్‌సైట్ల గురించి విదేశాంగ శాఖ హెచ్చరిస్తూనే ఉంది, అయినా జనం వాటిలో డబ్బు పోగొట్టుకుంటూనే ఉన్నారు. అసలు చిరునామాను ప్రతి పంచాయతీ గోడ మీద రాయిస్తాం, రంగు ఖర్చు మాదే.

రాజకీయ పార్టీల్లో ఉన్నవాళ్లు సభ్యులు కావచ్చు, జెండా బయట పెట్టి రావాలి. గల్ఫ్ ఏజెంట్లు, ట్రావెల్స్ నడిపేవాళ్లు, పాస్‌పోర్టు పనులకు డబ్బు తీసుకునేవాళ్లు సభ్యత్వానికి అర్హులు కారు. ఈ ఒక్క నియమం మీద మాత్రం ఓటింగు లేకుండానే అందరం ఒప్పుకున్నాం. ఆడవాళ్లకు ప్రతి కమిటీలో సగం చోటు. కువైట్‌కు, ఒమన్‌కు ఇంటిపనికి వెళ్లేవాళ్ల కాగితాల తిప్పలు మగవాళ్లు చెబితే సగమే బయటకొస్తాయి. సభ్యత్వ రుసుము లేదు. చేరాలనుకునేవాళ్లు తమ జిల్లా, తమ పాస్‌పోర్టు గడువు ముగిసే నెల, ఏడాది మాత్రం రాసిస్తే చాలు, పాస్‌పోర్టు నంబరు ఎవరికీ ఇవ్వొద్దు, మాకు కూడా. ఆ కాగితాలతో ముందు నాలుగు జిల్లాల లెక్క కడతాం: జగిత్యాల, నిజామాబాద్, కోనసీమ, అన్నమయ్య. ప్రభుత్వం తన లెక్క బయటపెట్టిన రోజు మాది పక్కన పెట్టి సరిపోల్చుకుంటాం.